బోటు బ్యాటరీ కేబుల్ తొక్క ఎలా తీయాలి?

ఇంట్లో వైరు తొక్కని పళ్లతో లాగేసేవాళ్లు కూడా బోటు బ్యాటరీ కేబుల్ దగ్గర ఆగిపోతారు. వేలంత లావు, లోపల వందల సన్నటి రాగి పోగులు. కత్తి లోతుగా దిగిందా, పోగులు తెగుతాయి. గాటు పడినవి ఇంజన్ అదురుకి తర్వాత తెగుతాయి. పోగులు తగ్గితే లగ్గు ఎంత నొక్కినా బిగువుగా పట్టదు.

అయితే ఏంటంటారా? చిన్న లెక్క. ఇన్వర్టర్ 200 ఆంపియర్లు లాగుతోంది, లూజు లగ్గు దగ్గర రెసిస్టెన్స్ 0.001 ఓమ్ పెరిగింది అనుకుందాం. అక్కడ 40 వాట్ల వేడి పుడుతుంది. అంటే సోల్డరింగ్ ఐరన్ ఆన్ చేసి వదిలేసినట్టే! నడిసముద్రంలో మంటలొస్తే దిగి పారిపోవడానికి చోటుండదు.

సరే, పనిలోకి వద్దాం. ముందు బ్యాటరీ నెగటివ్ విప్పండి, తర్వాత పాజిటివ్. లగ్గు గొట్టం లోతు కొలిచి, కేబుల్ మీద అంతే మార్కు పెట్టండి. కట్టర్‌లో కొత్త బ్లేడు వేసి, చుట్టూ గీత గీయండి. తొక్క మందంలో ముప్పావు వంతే కోయాలి, రాగిని తాకకూడదు. ఇప్పుడు గీత దగ్గర కేబుల్‌ని వంచండి, మిగిలింది దానంతటదే విచ్చుకుంటుంది. తిప్పుతూ చుట్టూ వంచండి. చివరి వరకు పొడుగ్గా ఇంకో పైపై గాటు పెట్టి, ప్లయర్‌తో ఒలిచేయండి. బ్లేడు ఎప్పుడూ మీ చేతికి అవతలి వైపుకే నడవాలి.

లోపల రాగి నల్లబడి ఉందా? ఉప్పునీరు దూరినట్టే. మెరిసే రాగి వచ్చేదాకా వెనక్కి కోయండి. లగ్గు నొక్కాక, లోపల జిగురున్న హీట్ ష్రింక్ ట్యూబ్ వేయండి.

మొదటిసారైతే పాత ముక్క మీద రెండు సార్లు ట్రై చేయండి. బోటున్న ఫ్రెండ్‌కి ఈ వీడియో పంపండి.