ఏటేటి యంత్రాలు – ఎదురుచూపులు

శ్రీకాకుళంలో ఏడురోడ్ల కూడలి దగ్గర గాని, విజయనగరంలో గంటస్తంభం పరిసరాల వీధులలో గాని, కంప్యూటరు దుకాణం ఉన్న చోట వేసవి సెలవుల చివర ఒక దృశ్యం ఊహించుకోవడం కష్టం కాదు. ఒక బడిపంతులుగారు కుమార్తెను వెంటబెట్టుకొని వస్తారు. అమ్మాయికి ఇంజనీరింగు కళాశాలలో సీటు వచ్చినది; ల్యాప్‌టాప్ కొనవలెను. చీటీ పాడి తెచ్చిన సొమ్ము పంతులుగారి జేబులో ఉన్నది. బల్లమీద మూడు నాలుగు యంత్రాలు తెరచి పెట్టి ఉన్నవి. బేరం కుదిరినదనుకొనే వేళకు పక్కన నిలుచున్న కుర్రవాడొకడు, "ఇప్పుడెందుకండీ మాస్టారూ! దీపావళికి కొత్త మోడలు వస్తున్నదట. అప్పుడు దీని ధర కూడా దిగుతుందట" అంటాడు. జేబులోకి వెళ్ళిన చేయి అక్కడే ఆగిపోతుంది. తండ్రీ కూతుళ్ళు ఒట్టి చేతులతో బస్సెక్కుతారు. దీపావళి వస్తుంది, కొత్త మోడలూ వస్తుంది. దానితోపాటే, వచ్చే ఏడాది ఇంతకంటె గొప్పది రాబోతున్నదన్న వార్త కూడా వస్తుంది. ఈలోగా అమ్మాయికి ఒక సెమిస్టరు గడచిపోతుంది.

తెలుగులో 'అట' అనే చిన్న మాట ఒకటి ఉన్నది. కన్నదానికీ విన్నదానికీ మధ్య గీత గీసే మాట అది. 'వచ్చినది' అంటే పూచీ చెప్పేవాని మాట. 'వచ్చినదట' అంటే పూచీ లేనివాని మాట. కంప్యూటర్ల వర్తకంలో ఈ 'అట'కు ఉన్న బలం ఇంతా అంతా కాదు. యంత్రం అంగడికి రాకముందే దాని మందమెంత, బరువెంత, రంగేమిటి అని ముచ్చట్లు పుడతాయి. అందులో కొన్ని నిజమవుతాయి, కొన్ని కావు. నిజమైనా కాకపోయినా వాటి ఫలితం ఒక్కటే: చేతిలో ఉన్నది చవకబారుగా కనిపించడం, రానున్నది మాత్రమే అసలైనదిగా తోచడం.

ఈ ఏటేటి మార్పులలో సారమెంత అన్నది ముందుగా విచారించదగిన విషయం. 1965లో గోర్డన్ మూర్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఒక విశేషాన్ని గమనించాడు. ఒక చిప్పు మీద పట్టే విడిభాగాల సంఖ్య ఏటికేడు రెట్టింపవుతున్నదని ఆయన లెక్క కట్టాడు. 1975లో ఆయనే ఆ లెక్కను సవరించి, రెట్టింపు కావడానికి రెండేళ్ళు పట్టునన్నాడు. దానికే మూర్ సూత్రమని పేరు వచ్చినది. 1971లో ఇంటెల్ సంస్థ తెచ్చిన 4004 అనే చిప్పులో ఉన్న ట్రాన్సిస్టర్లు సుమారు 2,300. ఆపిల్ సంస్థ 2020 నవంబరులో తెచ్చిన ఎం1 చిప్పులో 1,600 కోట్లు. ఏభై ఏళ్ళలో ఇంత పెరుగుదలను చూచిన తరం, రేపటి యంత్రం నేటిదానికంటె ఎంతో గొప్పదిగా ఉండునని నమ్మడంలో ఆశ్చర్యం లేదు. ఒకప్పుడు ఆ నమ్మకానికి ఆధారం కూడా ఉన్నది. మూడేళ్ళు ఆగి కొన్నవానికి నిజంగానే మేలు కలిగిన కాలమది.

కాని ఇటీవలి అంకెలు వేరొక కథ చెబుతున్నవి. అదే ఆపిల్ సంస్థ 2022లో తెచ్చిన ఎం2 చిప్పులో 2,000 కోట్లు, 2023లో వచ్చిన ఎం3లో 2,500 కోట్లు, 2024 మే నెలలో వచ్చిన ఎం4లో 2,800 కోట్ల ట్రాన్సిస్టర్లు ఉన్నవి. రెండేళ్ళకు రెట్టింపన్న లెక్కన ఈ మూడున్నర ఏళ్ళలో మూడు రెట్లు దాటవలసినది. రెండు రెట్లు కూడా కాలేదు. ఏటికేడు పేరు మారినది, అంకె మారినది. మార్పు మాత్రం మెట్టు మెట్టుగానే నడిచినది. వ్యాసం వ్రాసుకొనే విద్యార్థికి, ప్రశ్నపత్రం తయారుచేసుకొనే ఉపాధ్యాయునికి, మార్కుల పట్టిక వేసుకొనే ప్రధానోపాధ్యాయునికి ఆ మెట్టు ఎక్కినట్టు కూడా తెలియదు. వీడియోలు కూర్చేవారికి, పెద్ద లెక్కలు చేసే ప్రయోగశాలలకు తెలియవచ్చును.

గ్రంథాల లోకంతో పోల్చి చూస్తే ఈ సంగతి మరింత స్పష్టమవుతుంది. విజయనగరం వాడైన గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' మొదటి కూర్పును 1897లో అచ్చువేయించారు. రెండవ కూర్పు వచ్చినది 1909లో. పన్నెండేళ్ళ వ్యవధి. ఆ రెండవ కూర్పు పేరుకు మాత్రమే రెండవది. రచన చాలవరకు కొత్తదే. ఈనాడు తెలుగువారు చదువుతున్నదీ, ఆడుతున్నదీ ఆ రెండవ కన్యాశుల్కమే. ఆ నాటకాన్నే ఏటా పది మాటలు మార్చి, అట్ట రంగు మార్చి, కొత్త కూర్పని అమ్మి ఉంటే పాఠకుడు ఏమనేవాడో ఊహించుకోవచ్చును. ముద్రాపకుల కూర్పులను పోల్చి చూడడం భాషాధ్యాపకులు విద్యార్థులకు నేర్పుతారు. యంత్రాల కూర్పులను కూడా ఆ కంటితోనే చూడవలసి ఉన్నది: మారినదేమిటి? మారినది చదువరికి అక్కరకు వచ్చేదేనా?

రానున్న యంత్రాన్ని గురించిన మాట కొనేవాని చేతినే కాదు, తయారుచేసినవాని చేతిని కూడా కట్టివేయగలదు. ఇందుకు లోకమంతా చెప్పుకొనే ఉదాహరణ ఒకటి ఉన్నది. అందులోని మనిషికి దక్షిణదేశంతో సంబంధం ఉండడం విశేషం. రమణ మహర్షి జీవితచరిత్రను ఇంగ్లీషులో వ్రాసిన ఆర్థర్ ఆస్బోర్న్ కుమారుడు ఆడం ఆస్బోర్న్. 1939లో బ్యాంకాకులో పుట్టి, తిరువణ్ణామలైలో అరుణాచలం నీడన బాల్యం గడిపినవాడు. ఆయన తరువాత అమెరికాలో స్థిరపడి 1981లో 'ఆస్బోర్న్ 1' అనే కంప్యూటరును అంగడికి తెచ్చాడు. చేత పట్టుకొని పోదగిన కంప్యూటర్లలో విరివిగా అమ్ముడుపోయిన మొదటిది అదే. బరువు సుమారు 11 కిలోలు. తెర అయిదు అంగుళాలు. ధర 1,795 డాలర్లు. నేటి ల్యాప్‌టాపుకు పెద్దన్నగారని చెప్పవచ్చును.

1983లో ఆ సంస్థ ఇంతకంటె మేలైన యంత్రం త్వరలో రాబోతున్నదని ముందుగానే బయటపెట్టినది. పాతదాన్ని కొనవలసినవారు ఆగిపోయారు. కొత్తది చేతికి రాలేదు, పాతది కదలలేదు. ఆ ఏడు సెప్టెంబరులో సంస్థ దివాలా తీసినది. పోటీ సంస్థల యంత్రాలు, ఇంటి లెక్కల గందరగోళం కూడా ఇందుకు కారణాలేనని చెప్పేవారు ఉన్నారు. ఆ మాటా తోసిపుచ్చదగినది కాదు. కాని రేపటి సరుకును ముందే చాటి నేటి సరుకును చంపుకోవడాన్ని వర్తకలోకం నేటికీ 'ఆస్బోర్న్ ఫలితం' అనే పిలుస్తున్నది. ఆడం ఆస్బోర్న్ చివరి రోజులలో తిరిగి దక్షిణాదికే వచ్చి, 2003లో కొడైకెనాలులో కన్నుమూశాడు.

మన రాష్ట్రంలోని పిల్లలకు కూడా ఇటువంటి ఎదురుచూపు ఒకటి తెలుసు. 2021 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, 'అమ్మ ఒడి' నగదుకు బదులుగా, కోరుకున్న 9 నుండి 12 తరగతుల విద్యార్థులకు మరుసటి ఏటినుండి ల్యాప్‌టాపులు ఇస్తామని ప్రకటించినది. ఆ ఏర్పాటు ఆచరణలోకి రాలేదు. 2022 డిసెంబరులో 8వ తరగతి విద్యార్థులకు ట్యాబుల పంపిణీ జరిగినది. ఎవరిది ఒప్పు, ఎవరిది తప్పు అన్న విచారణకు ఇది చోటు కాదు. ఒక పిల్లవాని చదువులో ఒక ఏడాది ఎంత విలువైనదో ఉపాధ్యాయులకు వేరే చెప్పనక్కరలేదు. యంత్రం వచ్చునన్న ఆశతో బడిలో ఉన్న పాత కంప్యూటరు మీద దుప్పటి కప్పి ఉంచితే, ఆ ఏడాది తిరిగి రాదు.

ఇంతకూ తెలుగు చదువరికి నిజంగా మేలు చేసిన మార్పులు ఏవి? అవి అట్టహాసంగా వచ్చినవి కావు. 1991లో యూనికోడ్ అనే అంతర్జాతీయ సంకేత పద్ధతి మొదటి కూర్పులోనే తెలుగు లిపికి 128 స్థానాలు కేటాయించారు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో 'గౌతమి' అనే తెలుగు ఖతి చేరినది. అంతవరకు ముద్రణాలయాలలో ఒక్కొక్క సంస్థ ఖతికి ఒక్కొక్క సంకేతక్రమం. ఆ ఖతి లేని యంత్రంలో ఆ వ్రాతను తెరిస్తే అర్థం లేని ఇంగ్లీషు గుర్తులు కనిపిస్తాయి. అట్లా వ్రాసిపెట్టుకొన్న కవితలు, పరిశోధన వ్యాసాలు, పాఠశాల పత్రికలు కొత్త కంప్యూటరు కొన్ననాడు మూగవోతాయి. తాటాకు చెదలుపట్టి పోయినట్లే, వ్రాత ఇక్కడ యంత్రం మారి పోతుంది. యూనికోడ్‌లో వ్రాసినదానికి ఆ భయం చాలవరకు లేదు.

ఆ మేలును వాడుకొని తయారైన తెలుగు ఖతులలో రెండింటి పేర్లు ఉత్తరాంధ్ర వారికి ప్రీతిపాత్రమైనవి: ఒకటి 'గిడుగు', మరొకటి 'గురజాడ'. రెండూ ఉచితంగా లభిస్తున్నవి. గిడుగు రామమూర్తి పంతులు 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయ వృత్తి చేసినవారు. పిల్లవాడు మాట్లాడే భాషకూ వ్రాసే భాషకూ మధ్య గోడ ఉండరాదని ఆయన పోరాటం. కొండమీది సవరలకు వారి భాషలోనే చదువు చెప్పాలని ఆయన పాఠాలు కూర్చారు. 1931లో ఆయన సవర భాషా వ్యాకరణం వెలువడినది. ఆ సవర భాషకు 1936లో మంగేయి గొమాంగో 'సొరంగ్ సొంపెంగ్' అనే లిపిని సృష్టించాడు. 2012లో యూనికోడ్ 6.1 కూర్పులో ఆ లిపి చేరినది. ఆ ఏడాది రాబోయే ల్యాప్‌టాపుల మందం గురించి లోకమంతా ముచ్చటించుకొన్నది. ఒక గిరిజన జాతి అక్షరాలకు కంప్యూటరులో చోటు దొరికిన సంగతి మాత్రం ఏ అంగడిలోనూ చెప్పుకోలేదు.

కొత్తదనం ఎప్పుడూ మేలే చేస్తుందన్న భరోసా కూడా లేదు. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ ఫోన్లలోనూ, కంప్యూటర్లలోనూ ఒక వింత బయటపడినది. తెలుగు 'జ్ఞ' అక్షరంలో కంటికి కనబడని ఒక సంకేతం చేరి, ఆపైన దీర్ఘం వస్తే, దాన్ని చూపబోయిన అనువర్తనం కుప్పకూలేది. లోకంలోకెల్లా ఖరీదైన పరికరాలు జ్ఞానంలోని మొదటి అక్షరం దగ్గర తడబడినవి! కొద్ది రోజులలోనే, ఆ నెల 19వ తేదీన సంస్థ సవరణ విడుదల చేసినది. కొత్త కూర్పులను తయారుచేసేవారు తెలుగును ఎంతమేరకు పరీక్షించి చూస్తున్నారన్న ప్రశ్న మాత్రం మిగిలినది. తెలుగులో వ్రాసేవారు పెరిగి, లోపం కనిపించినప్పుడు తెలియజేస్తేనే ఆ పరీక్ష గట్టిపడుతుంది.

అయితే పాతదాన్నే పట్టుకొని వేలాడవలెననడం కూడా తెలివి కాదు. 2015లో వచ్చిన విండోస్ 10కు సాధారణ భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో నిలిచిపోయినవి. దాని తరువాతిదైన విండోస్ 11, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు లేని యంత్రాలను అంగీకరించదు. 2017కు పూర్వపు ప్రాసెసర్లు చాలావరకు దాని జాబితాలో లేవు. అటువంటి యంత్రం బడిలో ఉంటే దాన్ని పారవేయనక్కరలేదు. ఉచితంగా దొరికే లినక్స్ వేసుకొని తెలుగు వ్రాతకోతలకు వాడుకోవచ్చును. నెమ్మదించిన యంత్రంలో పాత హార్డ్‌డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టిస్తే, కొత్త యంత్రం ఖర్చులో కొద్ది భాగంతోనే చురుకు వస్తుంది. కొత్తది కొనవలసి వస్తే, జ్ఞాపకశక్తి, అనగా ర్యామ్, తరువాత పెంచుకొనే వీలున్నదా అని అడగవలెను. పలుచని ల్యాప్‌టాపులు అనేకంలో అది పలకకే అతికి ఉంటుంది, పెంచడం కుదరదు. మరమ్మతు దగ్గరి ఊరిలో జరుగుతుందా అనీ అడగవలెను. ఈ ప్రశ్నలకు జవాబు దుకాణంలో ఉన్న యంత్రం చెప్పగలదు. రాబోయే యంత్రం చెప్పలేదు.

శ్రీకాకుళం జిల్లాలోని పొందూరులో సన్నని ఖద్దరు నేత పేరుపొందినది. అక్కడ పత్తిని శుభ్రపరచడానికి వాలుగ చేప దవడ ఎముకను వాడే పద్ధతి తరతరాలుగా ఉన్నది. ఆ ఎముక కొత్తదా పాతదా అని బట్ట కొనేవాడు అడగడు. నూలు సన్నదనం చూస్తాడు. వడికే స్త్రీకి కూడా పరికరం అరిగినప్పుడు మార్చుకోవడం తెలుసు, అరగకముందు మార్చకపోవడమూ తెలుసు.

బస్సెక్కి తిరిగి వెళ్ళిన పంతులుగారికి ఈ లెక్క కొత్తది కాదు. తరగతిలో ఆయన పిల్లలకు నేర్పేదే. 'వచ్చినదట' అని వ్రాసిన చోట ఎవరు చెప్పారని అడగడం, 'ఉన్నది' అని వ్రాసిన చోట చూచి సరిచేయడం. అమ్మాయికి పని ఎదురుగా ఉన్నది. సొమ్ము జేబులో ఉన్నది. బల్లమీద యంత్రం ఉన్నది. వాక్యంలో 'అట' లేనప్పుడు ఇక ఆగవలసిన అవసరం లేదు.