నోరులేని రోగి

నిజాము పాలనలో, 1946లో హైదరాబాదున పశువైద్య కళాశాల వెలసినప్పుడు దేశపు పశుసంపద యనగా ఎడ్లు, గేదెలే గదా! నేడు రాజేంద్రనగరంలో ఇంటర్న్‌షిప్పుతో కలిపి అయిదున్నరేండ్లు చదివిన యువ వైద్యులు పలువురు, 1998లో సైబర్ టవర్స్ లేచిన మాదాపూరు ప్రాంతంలో కుక్కలకు, పిల్లులకు చికిత్స చేయుచున్నారు. చప్పిడిముక్కు పగ్ జాతి కుక్క మే నెల ఎండలో రొప్పి రొప్పి సొమ్మసిల్లుతుంది. దాని జబ్బు కంటికి కనిపించును.

పిల్లి సంగతి వేరు. జ్వరమని జాలిపడి యజమాని వేసిన పారాసెటమాల్ మాత్ర ఒక్కటి చాలు, దాని ప్రాణం తీయడానికి. పిల్లి కాలేయానికి ఆ మందును విరిచే శక్తి లేదు. నెత్తురు గోధుమరంగుకు తిరిగి, ఊపిరి అందదు. 'ఏమైనా మందు వేశారా?' అని వైద్యుడు అడుగును. సిగ్గుపడి దాచినవారు లేకపోలేదు. వెంటనే చెప్పినచో విరుగుడుగా ఎసిటైల్‌సిస్టీన్ ఉన్నది.