చివరి ఆయకట్టు

మా నాన్న ముప్పై రెండేళ్లు ఆర్టీసీ బస్సు నడిపారు. దోర్నాల నుంచి శ్రీశైలం దాకా ఏ మలుపులో ఏ గేరు వెయ్యాలో రిటైరయ్యాక కూడా కళ్లు మూసుకుని చెప్పేవారు. అలాంటి మనిషి పోయిన వేసవిలో పాలబ్బాయికి ఒకే నెల డబ్బులు రెండుసార్లు ఇచ్చారు. 'డెబ్భై నాలుగేళ్లొచ్చాయి, ఆ మాత్రం మరుపు మామూలే' అనుకున్నాం. సాయంత్రమయ్యేసరికి ఆయన పాదాలు వాచి చెప్పులు పట్టకపోవడాన్ని మాత్రం ఎవరం పట్టించుకోలేదు.

ఆయాసం మొదలయ్యాక ఎకో తీయించాం. గుండె పంపింగ్ 35 శాతం. మామూలుగా 55కి పైన ఉండాలి. "మరుపుకీ దీనికీ సంబంధం ఉండొచ్చమ్మా" అని డాక్టరుగారు అన్నప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు.

మెదడు బరువు మన ఒంటి బరువులో 2 శాతమే. గుండె తోసే రక్తంలో మాత్రం 15 నుంచి 20 శాతం దానికే కావాలి, అదీ క్షణం ఆగకుండా. దాచుకుని వాడుకుందామంటే అక్కడ నిల్వ ఉండదు. మెదడు లోతుల్లోకి వెళ్లే రక్తనాళాలు మరీ సన్నం. మా ఊళ్లో సాగర్ కాలువకి నీళ్లు తగ్గితే ముందు ఎండేది చివరి ఆయకట్టే. ఇక్కడా అంతే.

అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో 1948 నుంచి జనం గుండెల్ని తరతరాలుగా పరీక్షిస్తున్నారు. అక్కడ 1,504 మంది మీద చేసిన అధ్యయనం 2010లో వచ్చింది. గుండె పంపే రక్తం తక్కువగా ఉన్నవారిలో మెదడు పరిమాణం కూడా కాస్త తక్కువగా కనిపించింది. గుండెజబ్బు లేనివారిని విడిగా చూసినా అదే తేలింది. ఒకదానివల్లే రెండోది వచ్చిందని దీంతో రుజువు కాలేదు గానీ, రెంటికీ పొత్తు ఉందని తెలిసింది. నాడి లయ తప్పి కొట్టుకోవడం ఇంకో ప్రమాదం. గుండెలో రక్తం గడ్డకట్టి ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతమే. కొన్ని చిన్న గడ్డలైతే పైకి ఏమీ తెలియనివ్వకుండా మెదడును దెబ్బతీస్తాయి.

నాన్న ఇప్పుడు మాత్రలు వేళకి వేసుకుంటున్నారు. పొద్దున్నే బరువు చూసుకుంటారు, ఒంట్లో నీరు చేరితే ముందు అక్కడే తెలుస్తుంది. ఆవకాయ మానడమే ఆయనకు అన్నిటికన్నా కష్టమైంది. మరుపు పూర్తిగా పోలేదు. పాల లెక్క మాత్రం మళ్లీ ఆయనే రాస్తున్నారు.

మీ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పిందే చెబుతుంటే వయసు మీదికి నెట్టేయకండి. బీపీ, నాడి చూపించండి. సాయంత్రం పూట వాళ్ల పాదాలు ఒక్కసారి చూడండి.