ఆ ఫౌల్ నాకొక్కడికే తెలుసు

ఈ రోజు ఎపిసోడ్ పూల్‌లో ఫౌల్స్ గురించి. అదీ అవతలి ప్లేయర్ చూడని ఫౌల్స్ గురించి. ముందు నా తప్పు ఒకటి చెప్పేస్తాను. అది దాచిపెట్టి మీకు రూల్స్ చెప్తే బాగోదు.

రెండేళ్ల క్రితం హైదరాబాద్‌లో ఒక పార్లర్‌లో వీకెండ్ టోర్నమెంట్. నైన్ బాల్, ముందు ఐదు ర్యాక్‌లు గెలిచినవాళ్లు ఫైనల్‌కి. స్కోర్ 4-4. అంటే చివరి ర్యాక్. టేబుల్ మీద మిగిలినవి 6, 7, 8, 9. నైన్ బాల్ ఆడనివాళ్ల కోసం ఒక్క ముక్క: టేబుల్ మీద ఉన్నవాటిలో అన్నిటికంటే చిన్న నంబర్ బాల్‌ని వైట్ ముందు తాకాలి, 9 ఎవరు లీగల్‌గా వేస్తే ర్యాక్ వాళ్లది.

నా వైట్ బాల్ 6కి బాగా దగ్గరగా ఆగింది. మధ్యలో ఒక వేలు పట్టేంత గ్యాప్. నేను తొందరపడి నేరుగా కొట్టేశాను. 6 పాకెట్‌లో పడింది. వైట్ కూడా దాని వెనకే పరుగెత్తి, 7కి సరిగ్గా కావాల్సిన చోట ఆగింది. చూసేవాళ్లకి సూపర్ షాట్. కానీ నా చేతికి తెలిసింది. స్టిక్ టిప్ వైట్‌ని ఒకసారి కాదు, రెండుసార్లు తాకింది. చిన్నగా టక్ టక్ అని.

అవతలి అబ్బాయి కుర్చీలో కూర్చుని స్టిక్‌కి చాక్ రాసుకుంటున్నాడు. నేను ఒక సెకను ఆగాను. అతను ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. 7, 8, 9 వేసేశాను. అతను లేచి వచ్చి, "మస్తు ఆడినవన్నా" అని చెయ్యి కలిపాడు.

ఇప్పుడు ఆ రెండోసారి తాకడం ఎందుకు ఫౌలో చూద్దాం. దీన్ని డబుల్ హిట్ అంటారు. ఒక షాట్‌లో టిప్ వైట్‌ని ఒక్కసారే తాకాలి. మామూలు షాట్‌లో టిప్ వైట్‌తో ఉండేది సుమారు ఒక మిల్లీసెకను, అంటే సెకనులో వెయ్యో వంతు. తర్వాత వైట్ ముందుకెళ్లిపోతుంది, స్టిక్ వెనక నుంచి ఇంకా వస్తూ ఉంటుంది. ముందు ఖాళీ ఉంటే ప్రాబ్లం లేదు. కానీ ఎదురుగా ఇంకో బాల్ ఉంటే? వైట్ వెళ్లి దాన్ని గుద్దుకుంటుంది. రెండూ దాదాపు ఒకే బరువు, సుమారు 170 గ్రాములు. ఇంటర్ ఫిజిక్స్ గుర్తుందా? ఒకే బరువున్న రెండు వస్తువుల్లో ఒకటి వచ్చి, ఆగి ఉన్న రెండోదాన్ని నేరుగా గుద్దుకుంటే మొదటిది తన వేగం మొత్తం రెండోదానికి ఇచ్చేసి ఆగుతుంది. అలా ఆగిన వైట్‌ని, ఇంకా ముందుకొస్తున్న స్టిక్ మళ్లీ తోస్తుంది. ఫౌల్.

బయట నుంచి పట్టుకోవాలంటే వైట్ వేగం చూడండి. ఫుల్‌గా తగిలిన షాట్‌లో వైట్ ఆగాలి, లేదా ఒక క్షణం ఆగినట్టు ఆగి, ఫాలో స్పిన్ ఉంటే మెల్లగా ముందుకు దొర్లాలి. అలా కాకుండా రెండు బాల్స్ జంటగా ఒకే స్పీడ్‌లో బయల్దేరితే నూటికి తొంభై తొమ్మిది సార్లు అది డబుల్ హిట్టే. రెండు బాల్స్ మధ్య గ్యాప్ చాక్ ముక్క వెడల్పు కంటే తక్కువ ఉంటే, అంటే రెండు సెంటీమీటర్లు కూడా లేకపోతే, నేరుగా గట్టిగా కొట్టొద్దు. స్టిక్ వెనక భాగం బాగా పైకెత్తి చిన్న స్ట్రోక్‌తో ఆడండి, లేదా బాల్ అంచుకి తగిలేలా కొట్టండి. రెండు బాల్స్ అతుక్కుని ఉంటే మాత్రం కథ వేరు, అది లీగల్‌గా తాకాల్సిన బాలే అయితే దాని మీదకి నేరుగా కొట్టొచ్చు. చాలామందికి ఇది ఉల్టాగా తెలుసు.

సరే, ఫౌల్ ఎవరు చెప్పాలి? టీవీలో వచ్చే మ్యాచ్‌లకి టేబుల్ పక్కనే రిఫరీ ఉంటారు. మన పార్లర్ టోర్నమెంట్లలో ఎవరుంటారు? కౌంటర్ దగ్గర టైం రాసుకునే అన్న ఒక్కడే. వరల్డ్ పూల్ బిలియర్డ్ అసోసియేషన్ పద్ధతి ప్రకారం, రిఫరీ లేనప్పుడు ఆడకుండా కూర్చున్న ప్లేయరే రిఫరీ. ఇంకో రూల్ కూడా ఉంది: తర్వాతి షాట్ మొదలయ్యేలోపు ఫౌల్ చెప్పకపోతే, ఆ ఫౌల్ జరగనట్టే లెక్క.

అంటే నేను 7 కొట్టిన క్షణం నుంచి, పుస్తకం ప్రకారం నా ఫౌల్ లేదు. నేను లీగల్‌గా గెలిచాను! కోడ్ రాసేవాళ్లకి ఈ ఫీలింగ్ తెలుస్తుంది. ఎర్రర్ వచ్చింది, క్యాచ్ బ్లాక్‌లో పట్టుకున్నాం, లాగ్ రాయకుండా వదిలేశాం. స్క్రీన్ మీద అంతా గ్రీన్. డేటా మాత్రం తప్పు.

నేను ఆ రోజు నాకు చెప్పుకున్న సాకు ఏంటంటే, "ఒక్క షాటే కదా". అది అబద్ధం. నైన్ బాల్‌లో ఫౌల్ అయితే అవతలివాళ్లకి బాల్ ఇన్ హ్యాండ్ వస్తుంది, వైట్‌ని టేబుల్ మీద ఎక్కడైనా పెట్టుకుని ఆడొచ్చు. ఫౌల్ షాట్‌లో పడిన 6 మళ్లీ టేబుల్ మీదకి రాదు. అంటే అతనికి మిగిలేవి మూడే బాల్స్, వైట్ చేతిలో. సెమీస్ దాకా వచ్చినవాడు అవి వెయ్యకుండా ఉంటాడా? నేను తీసుకున్నది అతని మ్యాచ్.

ఇలాంటి చోట అందరూ గిల్‌క్రిస్ట్ పేరు చెప్తారు. 2003 వరల్డ్ కప్ సెమీఫైనల్, శ్రీలంక మీద, అంపైర్ నాటౌట్ అన్నా తనంతట తానే నడిచి వెళ్లిపోయాడు. గొప్పే. కానీ ఆ మ్యాచ్ ఆస్ట్రేలియా గెలిచింది, కప్పూ గెలిచింది. నాకు ఎక్కువ గుర్తొచ్చేది మన గుండప్ప విశ్వనాథ్. 1980లో ముంబయి టెస్ట్‌లో ఇంగ్లాండ్ కష్టాల్లో ఉన్నప్పుడు, అంపైర్ ఔట్ ఇచ్చిన బాబ్ టేలర్‌ని కెప్టెన్‌గా వెనక్కి పిలిచాడు. టేలర్, బోథమ్ నిలబడి పెద్ద పార్ట్‌నర్‌షిప్ కట్టారు, ఇండియా పది వికెట్ల తేడాతో ఓడింది. నిజం చెప్తే గెలుస్తామని గ్యారంటీ ఏమీ లేదు. క్రికెట్‌లో అయితే ఇప్పుడు డీఆర్‌ఎస్ ఉంది. మన పార్లర్ టేబుల్‌కి అదీ లేదు, చేతికి తగిలింది చేతికే తెలియాలి.

ఇప్పుడు నేనెలా చేస్తున్నానో చెప్తాను. ఫౌల్ తెలిసిన వెంటనే నోటితో "ఫౌల్" అంటాను, వాళ్లు అడిగేలోపే వైట్ తీసి చేతికిస్తాను. ఆలస్యం చేస్తే మనసు లాయర్‌లా వాదన మొదలుపెడుతుంది, నా అనుభవం ఇది. డౌట్‌గా ఉంటే డౌట్ అనే చెప్తాను, "రెండుసార్లు తగిలినట్టుంది, నువ్వేం చూశావ్?" అని. అలాగని ప్రతిదానికీ మీ మీద మీరే ఫౌల్ వేసుకోనక్కర్లేదు. వైట్ రెండు బాల్స్‌ని ఒకేసారి తాకినట్టుంటే, ఏది ముందో తేల్చలేకపోతే, రూల్ కొట్టినవాడి వైపే ఉంటుంది.

షర్ట్ చెయ్యి ఏదైనా బాల్‌కి తగిలితే ఏంటి అంటారా, అది ముందే మాట్లాడుకోవాలి. రిఫరీ లేని చాలా చోట్ల వైట్‌ని తాకితేనే ఫౌల్. వేరే బాల్ పొరపాటున కదిలితే, దాన్ని అక్కడే ఉంచాలా, పాత చోట పెట్టాలా అనేది అవతలి ప్లేయర్ ఇష్టం. స్నూకర్‌లో అలా కాదు, ఏ బాల్‌కి తగిలినా ఫౌలే, అవతలివాళ్లకి కనీసం నాలుగు పాయింట్లు. స్నూకర్ నుంచి పూల్‌కి వచ్చినవాళ్లతో సగం గొడవలు ఇక్కడే. ఇక దగ్గర షాట్ ఆడబోతుంటే, కొట్టకముందే మూడో మనిషిని పిలిచి చూడమనండి. కొట్టాక వాదించుకుంటే అక్కడ సాక్ష్యం ఏమీ మిగలదు.

ఆ అబ్బాయి సంగతి. నాలుగు నెలల తర్వాత అదే పార్లర్‌లో కనిపించాడు. టీ తాగుతూ చెప్పేశాను, ఆ రోజు 6 మీద డబుల్ హిట్ అయింది, నాకు తెలిసే ఊరుకున్నాను, సారీ అని.

"తెల్సన్నా," అన్నాడు. "సౌండ్ విన్న."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"నువ్వే చెప్తవేమో అని చూసిన."

ఆ తర్వాత మేం చాలాసార్లు ఆడాం, మంచి ఫ్రెండ్స్ అయ్యాం. నేను నా ఫౌల్స్ చెప్తూనే ఉన్నాను. అయినా ఇప్పటికీ నా వైట్ ఏ బాల్‌కైనా దగ్గరగా ఆగితే చాలు, కుర్చీలోంచి లేచి వచ్చి, టేబుల్ పక్కన వంగి నిలబడి చూస్తాడు.