రాత్రి విమానమును దింపు అభ్యాసము

చిన్న విమానములను స్వయముగా నడుపుకొనువారు రాత్రివేళ ఇతరులను ఎక్కించుకొనవలెనన్న, గడచిన 90 దినములలో మూడుమారులైనను రాత్రి ఎగిరి, నేలకు దిగి, పూర్తిగా ఆగి యుండవలెనని అమెరికా దేశపు నిబంధన. శిక్షకుడు ప్రక్కన నున్నను అవి లెక్కకు వచ్చును. శాసనకర్తలకు లెక్క యనిన ప్రీతి. విచారణలో రుజువు సులభము గదా! కాని చీకటిలో విమానమును నడుపు నేర్పు ఇట్టి లెక్కకు లొంగునా? 1999 జూలై 16వ తేదీ రాత్రి అట్లాంటిక్ తీరమున జరిగిన ప్రమాదము ఈ ప్రశ్నను విడువక అడుగుచున్నది.

ఆ రాత్రి 8 గంటల 38 నిమిషములకు జాన్ కెనెడీ జూనియరు, భార్యను ఆమె సోదరిని వెంటబెట్టుకొని, న్యూజెర్సీ నుండి తన పైపర్ సరటోగా విమానములో మార్తాస్ వైన్‌యార్డ్ ద్వీపమునకు బయలుదేరెను. ఈయన పూర్వాధ్యక్షుని కుమారుడు. వయస్సు 38 ఏండ్లు. 9 గంటల 41 నిమిషములకు విమానము సముద్రమున కూలెను. మువ్వురును మరణించిరి.

జాతీయ రవాణా భద్రతా మండలివారు 2000 జూలైలో వెలువరించిన నివేదిక న్యాయవాదులు చదువదగినది. కెనెడీకి సుమారు 310 గంటల అనుభవము గలదు. అందు 55 గంటలు రాత్రివి. ఇది స్వల్పమనరాదు. అయితే ఆ విమానమున నడపిన 36 గంటలలో శిక్షకుడు లేకుండ నడపినవి సుమారు మూడే. ఆ మూడింటను రాత్రి భాగము 0.8 గంట, అనగా 48 నిమిషములు. ఒక రాత్రి దిగుటయు అందులోనిదే. ఆనాడు ఒక శిక్షకుడు తోడు వచ్చెదననగా, ఒంటరిగనే పోగోరుచున్నానని ఆయన బదులు చెప్పెను. నేర్పరి ప్రక్కన కూర్చుండగా చేతులు మనవియే యైనను ధైర్యము మాత్రము అతనిది.

రాత్రి అభ్యాసము సాధారణముగా విమానాశ్రయము చుట్టునే జరుగును. అచ్చటను మోసము లేకపోలేదు: రన్‌వేకు ముందు చీకటి తప్ప మరేమియు లేనిచో, తానెంతో ఎత్తున నున్నట్లు భ్రమించి వైమానికుడు వేళకు ముందే క్రిందికి జారును. ఐనను కంటి కానుకొనుటకు దీపముల వరుస యుండును. సముద్రముపై మసక క్రమ్మిన రాత్రి అదియు లేదు. నింగి యేదో నీరేదో తెలియదు. లోపలి చెవిలోని ద్రవము మెల్లని మలుపునకు కొంతసేపటిలో అలవడి, విమానము తిన్నగా పోవుచున్నట్లే తోపించును. ఒరిగి దిగుచున్న విమానమును గమనింపక ముక్కు నెత్తబోయినచో మలుపు మరింత బిగియును. తుదకు సరటోగా నిమిషమునకు 4,700 అడుగులకు మించిన వేగమున దిగినట్లు రాడారు చూపినది. దిగ్భ్రమచే అదుపు తప్పుటయే కారణమనియు, మసకయు చీకటియు తోడ్పడినవనియు మండలివారు నిర్ణయించిరి.

పరికరములను మాత్రమే నమ్మి నడుపుటకు వలసిన ఇన్‌స్ట్రుమెంట్ రేటింగు ఆయనకు లేదు. వాతావరణ సమాచారమును బట్టి ఆ ప్రయాణమునకు అది అవసరమునుగాదు. మన దేశమున చూపుపై ఆధారపడు విమానయానము రాత్రివేళ సామాన్యముగా నిషిద్ధము. స్థానికముగా ఎగురుటకును, క్లబ్బుల శిక్షణకును నియంత్రణాధికారుల అనుమతిపై మినహాయింపు గలదు. ఇది స్వేచ్ఛకు సంకెల యని ఆక్షేపింపవచ్చును. మా మతమున అమెరికా నిబంధన సడలినది దిగుటల సంఖ్యలో కాదు. ఆ మూడింటిలో ఒకటియైనను, పరిచయము లేని చోట, దీపములు లేని నేల మీదుగనో నీటి మీదుగనో, శిక్షకుని ఎదుట పరికరములను చూచుచు దిగి చూపవలెనని విధించుట వైమానికునికి పెద్ద భారము కానేరదు.