ఆటలు, ఎదిగే మెదడు

పదవ తరగతి వచ్చినంతనే బంతిని అటక మీదికి చేర్చుట అనేక గృహములలో ఆచారమైపోయినది. పాఠశాలలలో సైతము ఆటల గంటను గణితమునకు ధారపోయుచుందురు. ఆటలో గడచిన గంట చదువునుండి దొంగిలినదే యను భావము దీనికి మూలము. మెదడు ఎదుగు తీరును గమనించినచో ఈ లెక్క తప్పని తెలియగలదు.

శరీరపు బరువులో మెదడు సుమారు 2 శాతమే. అయినను విశ్రాంతి సమయమున శరీరము వెచ్చించు శక్తిలో దాదాపు 20 శాతము దానికే చెల్లును. ఆరేండ్లకే దాని పరిమాణము చాలవరకు పూర్తియగును గాని, లోపలి నిర్మాణము కౌమారమంతయు మారుచునే యుండును. వాడుకలో లేని నాడీసంబంధములు తొలగిపోవును, వాడుకలోనున్నవి బలపడును. ఆలోచనకు, నిగ్రహమునకు, ముందుచూపునకు నెలవైన నుదుటి వెనుక భాగము అన్నిటికంటె ఆలస్యముగా, 25 ఏండ్ల ప్రాంతమున గాని పరిపక్వము కాదు.

కబడ్డీనే చూడుడు. కూతకు వెళ్లిన బాలునికి 30 సెకనులే గడువు. ఎడతెగక కూత పెట్టుచు, ఏడుగురి అడుగులను కనిపెట్టుచు, అందినట్లే యున్న కాలిని ముట్టవలెనను తొందరను అణచుకొని, అది వలయని గ్రహించిన క్షణముననే దిశ మార్చుకొనవలెను. జ్ఞాపకము, నిగ్రహము, దృష్టిని మరలించు నేర్పు మూడును ఒక్కమారే పనిచేయవలసిన చోటిది. కబడ్డీ ఆడినంత మాత్రమున బీజగణితము రాదు, నిజమే. కాని పుస్తకము ముందు కుదురుగా కూర్చుండుటకు కావలసిన శక్తులును ఇవియే.

2010లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 9, 10 ఏండ్ల పిల్లలను 49 మందిని పరీక్షించిరి. దమ్ము ఎక్కువగల పిల్లలలో జ్ఞాపకమునకు ఆధారమైన హిప్పోకాంపస్ అను భాగము పెద్దదిగా కనబడినది. దానికి కారణము దమ్మో, మరియొకటో ఈ పోలిక ఒక్కటే తేల్చజాలదు. 2014లో ప్రకటితమైన వేరొక పరిశోధన ఆ లోటును కొంత తీర్చినది. అందు ఇంకను చిన్నవారైన 221 మంది పిల్లలను చీట్లు వేసినట్లు రెండు జట్లుగా విభజించి, ఒక జట్టును 9 నెలలపాటు బడి విడిచిన పిదప ఆడించిరి. మనోనిగ్రహమునందును, దృష్టి మరలించు నేర్పునందును ఆ జట్టే ముందంజ వేసినది.

5 మొదలు 17 ఏండ్ల వారికి దినమునకు సగటున 60 నిమిషములైనను చెమటపట్టు శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో నిర్దేశించినది. 2016 నాటి లెక్కలలో ప్రపంచమందలి 11 మొదలు 17 ఏండ్ల బాలబాలికలలో 81 శాతమునకు ఆ పాటి శ్రమ లేదు. బాలికల స్థితి బాలుర కంటెను హీనము. ఈడు వచ్చినదను మిషతో ఆడపిల్లను మైదానమునకు దూరము చేయు తల్లిదండ్రులు, ఆమె మెదడు రూపుదిద్దుకొను వేళనే ఆ పని చేయుచున్నారు.

ఇక శిక్షకులకొక మాట. నిద్ర చెడగొట్టి వేకువను సాధన చేయించుట లాభమును హరించును. తలకు దెబ్బ తగిలిన బాలుడు తికమకపడినను, వాంతి చేసికొనినను, వెలుతురు చూడలేకున్నను ఆ దినమున తిరిగి ఆడింపరాదు. వాడు బాగుగనే యున్నానని చెప్పినను సరే, వైద్యుడు సమ్మతించువరకు గట్టునే కూర్చుండబెట్టవలెను.