బేస్ గిటారు తీగ: మోత తగ్గి నాదం నిలిచే వరకు

తంత్రీవాద్యాలు చేసినవారికి మంద్రస్థాయి చాలాకాలం కొరకరాని కొయ్యగానే ఉండేది. ఫ్రెంచి పండితుడు మరాన్ మెర్సెన్ 1636లో వెలువరించిన నియమాల ప్రకారం తీగ పొడవు పెరిగినా, బరువు పెరిగినా, బిగువు తగ్గినా స్వరం కిందికి దిగుతుంది. అయితే పొడవు పెంచితే వాద్యం చేతికి అందదు, బిగువు తగ్గిస్తే తీగ వదులై నాదం పలచబడుతుంది, లావు చేసి బరువు పెంచితే తీగ బిరుసెక్కి సరిగా వంగక శ్రుతి తప్పుతుంది. గొర్రె పేగుతో చేసిన తీగ మీద సన్నని లోహపు తీగను ఒత్తుగా చుట్టడంతో ఈ చిక్కు వీడింది. లోపలి తీగ మెత్తగా వంగుతూనే ఉండగా, పై చుట్టు దానికి కావలసిన బరువును ఇచ్చింది. లండన్‌లో జాన్ ప్లేఫర్డ్ 1664లో ప్రచురించిన సంగీత పుస్తకంలో ఇటువంటి తీగల ప్రస్తావన కనిపిస్తుంది. నేటి బేస్ గిటారు తీగలన్నీ ఆ చుట్టుతీగ సంతతే.

బేస్ గిటారు పుట్టుక ఇరవయ్యో శతాబ్దానిది. నిలువెత్తు డబుల్ బేస్‌ను మోసుకుపోవడం కష్టం, బృందంలో దాని ధ్వని వినిపించడం మరీ కష్టం. అమెరికాలోని సియాటిల్‌లో పాల్ టట్‌మార్క్ 1930లలోనే విద్యుత్తుతో పలికే చిన్న బేస్‌ను తయారుచేసినా, కాలిఫోర్నియాకు చెందిన లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్‌ను విడుదల చేసిన తరువాతనే ఆ వాద్యం లోకమంతటా స్థిరపడింది. అందులో మోగే తీగ పొడవు 34 అంగుళాలు, అంటే దాదాపు 86 సెంటీమీటర్లు. నాలుగు తీగలలో అన్నిటికంటే కింది స్వరం పలికేది సెకనుకు 41 సార్లు, పైది 98 సార్లు కంపిస్తాయి. కింది తీగ మందం సాధారణంగా రెండున్నర మిల్లీమీటర్లు దాటుతుంది. దాని నడుమ చాలావరకు ఆరు పలకల ఉక్కు తీగ ఉంటుంది. ఆ పలకల అంచులు పై చుట్టును జారిపోకుండా పట్టి ఉంచుతాయి. కొత్త తీగ చివరను బిరడా దగ్గర ముందుగా మడిచి, ఆ తరువాతనే కత్తిరించాలని వాద్యకారులు పట్టుబట్టడానికి కారణం ఇదే: మడవకముందు కోస్తే చుట్టు పట్టు వదిలి, తీగ మొదటి రోజు నుంచే మొద్దుబారే ప్రమాదం ఉంది.

తొలినాటి బేస్ గిటార్లకు చదునైన పట్టీ చుట్టిన తీగలు వాడేవారు. వాటి ఉపరితలం నున్నగా ఉండి, నాదం గుండ్రంగా, కొంత మూసుకున్నట్టు వచ్చేది. 1966లో బ్రిటన్‌కు చెందిన రోటోసౌండ్ సంస్థ, ది హూ బృందంలోని జాన్ ఎంట్విజిల్ కోరిక మేరకు గుండ్రని తీగ చుట్టిన బేస్ తీగలను రూపొందించింది. వాటితో బేస్‌కు పియానో వంటి మెరుపు వచ్చింది. ఆ మెరుపుతో పాటే చుట్టుకూ చుట్టుకూ మధ్య సన్నని గాడి కూడా వచ్చింది. గుండ్రని చుట్టుతీగ తరువాతి కథ చాలావరకు ఆ గాడిలోనే నడుస్తుంది.

మీటిన తీగ ఒక్క స్వరాన్ని మాత్రమే పలకదు. సెకనుకు 41 సార్లు కంపించే ప్రాథమిక స్వరంతో పాటు దానికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతల చొప్పున కంపించే అనుస్వరాలు, అంటే హార్మోనిక్స్, వరుసగా పుడతాయి. కొత్త తీగలో సెకనుకు వేలసార్లు కంపించే పై అనుస్వరాలు ఎక్కువసేపు నిలుస్తాయి కాబట్టి చెవికి ఖంగుమనే లోహపు మోత తగులుతుంది. వాయించే కొద్దీ వేళ్ల జిడ్డు, చెమటలోని ఉప్పు, చర్మపు పొట్టు, ఫ్రెట్‌ల ఒరిపిడికి రాలిన లోహపు పొడి గాడుల్లో చేరతాయి. పై అనుస్వరం పలికేటప్పుడు తీగ అనేక చిన్న భాగాలుగా విడి, చాలా ఎక్కువసార్లు వంగవలసి ఉంటుంది. వంగిన ప్రతిసారీ చుట్టుకూ చుట్టుకూ మధ్య ఉన్న మురికి రాపిడి పుట్టించి శక్తిని వేడిగా మార్చేస్తుంది. ఈ శక్తినష్టాన్ని భౌతికశాస్త్రంలో అవరుద్ధత అంటారు. ప్రాథమిక స్వరం నెమ్మదిగా వంగుతుంది కాబట్టి దానికి నష్టం తక్కువ, పై స్వరాలకు ఎక్కువ. తీగ మెత్తబడటమంటే పై నుంచి కిందికి, ఒక వరుసలో, అనుస్వరాలను కోల్పోతూ రావడమే.

ఇక్కడ మన వీణ, తంబురలను గుర్తుచేసుకోవడం అవసరం. బాల్యంలో విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ 1921లో భారతీయ తంత్రీవాద్యాలపై ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. తీగను ఏ బిందువు వద్ద మీటితే ఆ బిందువు వద్ద కదలిక లేని అనుస్వరాలు పలకకూడదన్నది అంతకుముందు ఐరోపా శాస్త్రజ్ఞులు చెప్పిన నియమం. వీణలోనూ తంబురలోనూ ఆ అనుస్వరాలు కూడా స్పష్టంగా పలుకుతున్నాయని ఆయన చూపారు. వెడల్పుగా, కొద్దిపాటి వంపుతో ఉండే బ్రిడ్జి మీద తీగ తాకుతూ వదులుతూ కంపించడమే అందుకు కారణం. తంబురలో దారంతో దిద్దే జీవా కూడా ఈ పనే చేస్తుంది. బేస్ గిటారు బ్రిడ్జి మీద తీగ ఆనే చోటు సన్నని అంచు మాత్రమే కాబట్టి, తీగ కోల్పోయిన అనుస్వరాలను తిరిగి పుట్టించే ఏర్పాటు దానిలో లేదు. మన వాద్యకారులు శ్రమించి సంపాదించుకునే ఆ జిలుగునే బేస్ వాద్యకారులు చాలామంది వదిలించుకోవాలని చూడటం ఆశ్చర్యం కలిగించినా, శ్రుతిని నింపే తంబుర పని వేరు, లయకు ఆధారమై గాయకుడి గొంతు కింద నిలిచే బేస్ పని వేరు.

పాత తీగకు పేరు తెచ్చినవారిలో అగ్రగణ్యుడు జేమ్స్ జేమర్‌సన్. డెట్రాయిట్‌లోని మోటౌన్ సంస్థ 1960లలో విడుదల చేసిన ఎన్నో పాటలకు బేస్ వాయించిన ఆయన, 1962 నాటి ప్రెసిషన్ బేస్‌కు లావైన చదునుచుట్టు తీగలు బిగించి, అవి తెగితే తప్ప మార్చేవారు కాదని ప్రసిద్ధి. బ్రిడ్జి మూత కింద ఉండే స్పాంజి కూడా పై అనుస్వరాలను అణచివేసేది. ఆ పాటల్లో బేస్ ఎంత చురుకుగా పరుగెత్తినా గొంతుకు అడ్డురాకపోవడానికి ఆయన వేళ్ల నేర్పుతో పాటు ఈ తీగలూ కారణమే.

తెలుగునాట బేస్ గిటారు సినిమా సంగీతంలోనే కాక చర్చి ఆరాధనలోనూ చోటు సంపాదించుకుంది. నంద్యాల ప్రాంతాన్నే చూస్తే, ఆళ్లగడ్డకు దిగువన ఉన్న ముత్యాలపాడు పందొమ్మిదో శతాబ్దంలో ఆంగ్లికన్ మిషన్ కేంద్రంగా ఉండేది. నంద్యాల నేడు దక్షిణ ఇండియా సంఘపు అధ్యక్ష మండలానికి కేంద్రస్థానం. నంద్యాల, గోస్పాడు, ఆళ్లగడ్డ వైపు వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే కనుక, ఇక్కడ వాయించేవారి చేతి చెమట తీగను చల్లని ప్రాంతాల్లో కంటే త్వరగానే మారుస్తుంది. తీగ మెత్తబడటానికి ఇది కలిసివచ్చినా, తుప్పుకు కూడా ఇదే దారి.

కొత్త తీగను త్వరగా మెత్తబరచడానికి కొందరు నూనె రాస్తారు. నూనె గాడిలో ఒకచోట ఎక్కువగా, ఒకచోట తక్కువగా చేరి దుమ్మును పట్టుకుంటుంది కాబట్టి అది మంచి పద్ధతి కాదు. కార్యక్రమానికి కొన్ని వారాల ముందే తీగలు బిగించి, రోజూ మెడ పొడవునా వాయించడం మేలు. దానితో తీగ సాగుడు తీరి శ్రుతి కూడా నిలకడగా ఉంటుంది. అంత వ్యవధి లేనప్పుడు చదునుచుట్టు తీగలో, శుద్ధ నికెల్ చుట్టిన తీగలో ఎంచుకోవచ్చు. టోన్ నాబ్ తగ్గించి, మెడకు దగ్గరగా మీటినా మోత చాలావరకు అణుగుతుంది. మరీ మొద్దుబారిన తీగలను విప్పి నీళ్లలో ఉడికిస్తే జిడ్డు కరిగి మెరుపు కొంతకాలం తిరిగి వస్తుంది. మోతకు కారణం గాడిలోని మురికి లేకపోవడమేనని చెప్పడానికి ఇంతకంటే తేలికైన రుజువు లేదు. అయితే ఫ్రెట్‌లు ఒత్తిన చోట చుట్టుకు పడిన నొక్కులు ఉడికించినా పోవు.

మెత్తదనానికి ఒక హద్దు ఉంది. మురికీ నొక్కులూ తీగ పొడవునా సమంగా ఉండవు కాబట్టి కాలక్రమాన దాని బరువు ఒక్కోచోట ఒక్కో తీరుగా మారి, అనుస్వరాలు ప్రాథమిక స్వరానికి సరిగ్గా రెట్లుగా ఉండటం మానేస్తాయి. తీగ సగం పొడవు దగ్గర, అంటే పన్నెండో ఫ్రెట్ మీద, వేలు తేలికగా ఆనించి ఒకసారి, గట్టిగా నొక్కి ఒకసారి మీటితే రెండు స్వరాలూ ఒకటిగా వినిపించాలి. బ్రిడ్జిని ముందుకూ వెనక్కూ సర్దిన తరువాత కూడా ఆ రెండూ కలవకపోతే తీగ మార్చవలసిందే. మార్చేటప్పుడు నాలుగింటినీ ఒకేసారి మార్చడం మంచిది, లేకపోతే కొత్తగా వేసిన ఒక్క తీగ మోత మిగిలిన మూడింటి నడుమ విడిగా వినిపిస్తుంది.